గుణుపురం ఏటి ఇసుకతో పిల్లలకు నదుల పాఠం చెప్పడం ఎలా

మా చెల్లెలి కొడుకు తొమ్మిదో తరగతి, ఉండేది ఒడిశాలో వంశధార ఒడ్డున ఉన్న గుణుపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ట్యూషన్ నోట్సేమో ఇంగ్లీషు. ఓ రోజు పుస్తకం పట్టుకొచ్చి "మావయ్యా, ముహాణ అంటే ఏంటి?" అన్నాడు. "ఏరు సముద్రంలో కలిసే చోటురా, మనం మొగ అంటాం" అన్నాను. "మొగ అంటే?" అన్నాడు. రెండు భాషల్లో రెండు మాటలు వచ్చాయి గానీ వాడి కళ్ళ ముందు బొమ్మ మాత్రం ఒక్కటీ లేదు. వాడు రోజూ సాయంత్రం క్రికెట్ ఆడేది వంశధార ఇసుకలోనే, ఆ ఇసుకకీ ఆ పాఠానికీ సంబంధం ఉందని వాడికెవరూ చెప్పలేదంతే.

ఆ తర్వాత ఓ చలికాలమంతా ఆదివారాలు ఖర్చుపెట్టి వాడికి నేర్పాను, నేనూ చాలా నేర్చుకున్నాను. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. మీరు గుణుపురంలోనే ఉండక్కర్లేదు. రాయగడ వాళ్ళకి నాగావళి ఉంది, పర్లాకిమిడి వాళ్ళకి మహేంద్రతనయ ఉంది, బరంపురం వైపు ఋషికుల్య ఉంది, ఇచ్ఛాపురం అవతలా ఇవతలా ఉన్నవాళ్ళకి బాహుదా ఉంది. అన్నీ తూర్పు కనుమల్లో పుట్టి తూర్పు సముద్రంలో కలిసేవే (పర్లాకిమిడి మహేంద్రతనయ మాత్రం ముందు వంశధారలో కలుస్తుంది), అన్నీ పొట్టివే. పాఠం చెప్పడానికి పొట్టి నదే మేలు, ఎందుకంటే గోదావరి మొదలూ చివరా పిల్లలకి చూపించాలంటే మనకి ఆస్తులు ఉండాలి.

ముందు టైము సంగతి. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు చేయండి. వానాకాలంలో పిల్లల్ని ఏట్లోకి దింపొద్దు. మన దగ్గర చినుకు పడకపోయినా పైన కొండల్లో వాన పడితే గంటల్లో నీళ్ళు వచ్చేస్తాయి, ఈ ఏళ్ళ స్వభావమే అంత. చలికాలంలో కూడా ఇసుక తవ్విన గుంటలు చూసుకోండి, పైకి మోకాలి లోతులా కనిపిస్తుంది, అడుగేస్తే మనిషి మునుగుతాడు.

మొదటి ఆదివారం ఏటికి వెళ్ళొద్దు, ఇంట్లో గోడ చాలు. వంశధార పొడవు సుమారు 254 కిలోమీటర్లు. 254 సెంటీమీటర్ల పురికొస తీసుకోండి, సెంటీమీటరుకి ఒక కిలోమీటరు అన్నమాట. ఫోన్లో మ్యాపు తెరిచి నది వంకరలు చూసుకుంటూ ఆ తాడుని వరండా గోడకి అలాగే వంకరగా అంటించమనండి. పై కొస కలహండి, రాయగడ జిల్లాల సరిహద్దులో నియమగిరి వైపు కొండల్లో, కింది కొస కళింగపట్నంలో. మధ్యలో గుణుపురం, కాశీనగర్, గొట్టా బ్యారేజీ ఉన్న హిరమండలం, ముఖలింగం, శాలిహుండం ఎక్కడెక్కడ వస్తాయో మ్యాపు మీద కొలిచి వాళ్ళనే చీటీలు అంటించమనండి. మీరు చెప్పేయకండి. మా వాడు ముఖలింగాన్ని ముందు తప్పు ఒడ్డున పెట్టాడు. ఎడమ ఒడ్డు, కుడి ఒడ్డు అనేవి నీళ్ళు వెళ్ళే దిక్కుకి మొహం పెట్టి నిలబడి చెప్పుకోవాలని అప్పుడు తెలిసింది వాడికి. నిజం చెప్పాలంటే ఆ ముక్క నాకు కాలేజీలో తెలిసింది.

తాడు పక్కనే ఒక కాగితం మీద మాటలు రాయించండి, మన సరిహద్దు పిల్లలకి ఇది తప్పనిసరి. తెలుగులో ఉపనది, ఒడియాలో కూడా ఉపనదీయే, కాబట్టి బెంగ లేదు. పాయని ఒడియాలో శాఖానదీ అంటారు. డెల్టాని త్రికోణభూమి అంటారు, ఈ మాట నాకు మన మాట కన్నా నచ్చుతుంది, వినగానే ఆకారం తెలిసిపోతుంది. లోయ అంటే ఉపత్యకా. మొగ అంటే ముహాణ. మూడో వరసలో ఇంగ్లీషు మాట. మన ఇళ్ళల్లో వాడే గెడ్డ (కొండవాగు), తంపర (నీళ్ళు నిలిచే చిత్తడి నేల), మెట్ట, పల్లం లాంటి మాటలు కూడా ఆ కాగితం మీదకి రావాలి. పిల్లలు అవి పుస్తకంలో లేవు కదా అంటారు. లేకపోయినా రాయమనండి, వాళ్ళు చూసినవి అవే.

రెండో ఆదివారం ఏటికి. చేతిలోకి గుప్పెడు ఇసుక తీసుకుని తెల్ల కాగితం మీద పరిచి, సెల్ కెమెరాని బాగా దగ్గరికి పెట్టి ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. ఎక్కువ భాగం గాజు ముక్కల్లా తెల్లగా, లేత పసుపుగా ఉంటాయి, అవి క్వార్ట్జ్. అక్కడక్కడా దానిమ్మ గింజ రంగులో ఎర్ర రేణువులు కనిపిస్తాయి, అవి గార్నెట్. నల్లవి ఇంకొన్ని. పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతాన్ని కాగితం కింద తిప్పితే ఆ నల్లవాటిలో కొన్ని దాని వెంట నడుస్తాయి, అక్కడ పిల్లలు ఎలాగూ పావుగంట ఆగిపోతారు, ఆగనివ్వండి.

ఆ ఎర్ర రేణువు ఎక్కడిది? ఈ పాఠమంతా దాని వెంటే నడిపించాలి. మన చుట్టూ ఉన్న కొండల్లో ఎక్కువగా ఉండే రాయి పేరు ఖోండలైట్. ఈ కొండల్లో ఉండే మన కోదు గిరిజనుల పేరే, ఖోండు అనే మాట మీదే ఆ రాయికి పేరు పెట్టారు, ప్రపంచంలో ఎక్కడ ఈ రాయి దొరికినా భూగర్భ శాస్త్రవేత్తలు ఆ పేరుతోనే పిలుస్తారు. ఇది విన్నప్పుడు మా వాడి క్లాసులో ఒక కోదు కుర్రాడి మొహం చూడాల్సింది. ఈ రాయిలోనే గార్నెట్ ఉంటుంది. ఇంకో రాయి చార్నొకైట్, కొంచెం నల్లగా నూనె రాసినట్టు ఉంటుంది, దాని పేరు కలకత్తాలో జాబ్ చార్నాక్ అనే ఇంగ్లీషాయన సమాధి రాయి మీంచి వచ్చింది. ఒక రాయికి కొండల్లో బతికేవాళ్ళ పేరు, పక్క రాయికి సమాధిలో ఉన్నాయన పేరు.

కొండ మీద ఎండకి వేడెక్కి, రాత్రికి చల్లబడి, వాన నీళ్ళు పగుళ్ళలోకి దిగి, చెట్ల వేళ్ళు దూరి రాయి కుళ్ళిపోతుంది. దీన్ని పుస్తకం శిథిలం కావడం అంటుంది. క్వార్ట్జ్, గార్నెట్ గట్టివి కాబట్టి గింజలుగా మిగులుతాయి, మిగతాది చాలావరకు ఎర్రమట్టి అవుతుంది. ఆ గింజల్నీ మట్టినీ గెడ్డలు కిందికి తోసుకొస్తాయి. కోత, రవాణా, మేట. పరీక్షలో అడిగేవి ఈ మూడే, మిగతావన్నీ వీటి పిల్లలు.

వచ్చేటప్పుడు కాస్త ఇసుక, ఒడ్డున ఉన్న బురద ఓ పిడికెడు, రెండు గులకరాళ్ళు ఒక గాజు సీసాలో వేసి నీళ్ళు పోసి తీసుకురండి. ఇంటికొచ్చాక గట్టిగా కుదిపి బల్ల మీద పెట్టి ముట్టుకోకుండా వదిలేయాలి. రాళ్ళు వెంటనే, ఇసుక నిమిషంలోపే దిగిపోతాయి, సన్న మట్టి మాత్రం మర్నాటికి కూడా తేలుతూనే ఉంటుంది. ఏటి వేగం తగ్గితే ముందు ఏది వదిలేస్తుంది, చివరిదాకా ఏది మోసుకెళ్తుంది అనే ప్రశ్నకి జవాబు ఆ సీసాలో కనిపిస్తుంది. కొండ దగ్గర బండరాళ్ళు, గుణుపురం దగ్గర ఇసుక, సముద్రం దగ్గర పొలాల్లో మెత్తటి ఒండ్రు ఎందుకో అప్పుడు చెప్పక్కర్లేదు, వాళ్ళే చెప్తారు.

తర్వాత వంపు పాఠం. దీనికి ఎక్కువ టైము ఇవ్వండి, పుస్తకంలో అందరికీ గందరగోళమయ్యేది ఇక్కడే. ఏరు మలుపు తిరిగే చోటు వెతకండి, మరీ లోతు లేనిది. రెండు ఒడ్లూ చూడండి. ఒక వైపు ఒడ్డు నిలువుగా, గోడలా కోసినట్టు ఉంటుంది, వేళ్ళు బయటికి వేలాడుతుంటాయి. రెండో వైపు ఇసుక మెల్లగా వాలుతూ నీళ్ళలోకి దిగుతుంది, మనం ఆడుకునేది, బట్టలు ఉతికేది ఆ వైపే. మలుపు బయటి అంచున నీళ్ళు ఎక్కువ వేగంగా వెళ్తాయి, కోస్తాయి. లోపలి అంచున నెమ్మదిస్తాయి, మేట వేస్తాయి. దీన్ని మాటల్లో చెప్తే పిల్లలు తలూపుతారు, వారం తర్వాత తిరగేసి రాస్తారు. అందుకని కొలిపించండి.

పది మీటర్ల తాడు ఒడ్డు వెంబడి పరిచి, పై చివర కమలాపండు తొక్క ఒకటి నీళ్ళలోకి వేసి, కింది చివర దాటేదాకా ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టాలి. తొక్కే ఎందుకంటే అది సగం మునిగి తేలుతుంది, గాలికి కొట్టుకుపోదు, పోయినా బాధ లేదు. మూడుసార్లు వేసి సగటు తీయండి. ఉదాహరణకి 25 సెకన్లు పట్టిందనుకోండి, పదిని ఇరవై ఐదుతో భాగిస్తే సెకనుకి 0.4 మీటరు. పైన నీళ్ళు అడుగు నీళ్ళ కన్నా వేగంగా పోతాయి కాబట్టి దాన్ని 0.85తో గుణిస్తే మొత్తం ప్రవాహ వేగం దాదాపుగా తెలుస్తుంది, అంటే 0.34. ఇదే పని మలుపు బయటి వైపు, లోపలి వైపు చేయాలి. బయటి వైపు కొలిచేటప్పుడు తొక్క విసిరేది పెద్దవాళ్ళే, పిల్లలు ఆ నిలువు ఒడ్డు అంచున నిలబడకూడదు, అది ఎప్పుడు విరిగి పడుతుందో దానికే తెలీదు. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకున్న పిల్లాడు జన్మలో తిరగేసి రాయడు.

ఆక్స్‌బౌ సరస్సు, అంటే ఏరు దారి మార్చుకుని వదిలేసిన పాత వంపు, మాత్రం ఏటి దగ్గర కన్నా పెరట్లో బాగా తెలుస్తుంది. పాత రేకు గానీ పెద్ద పళ్ళెం గానీ తీసుకుని తడి ఇసుక నింపి ఒక వైపు ఇటుక ముక్క పెట్టి ఎత్తండి. వేలితో పాములా వంకర కాలువ గీసి, పై నుంచి మగ్గుతో సన్నటి ధార పోస్తూ ఉండాలి. ఓపిక కావాలి. మెల్లగా వంపులు పెద్దవై, రెండు వంపుల మధ్య మెడ సన్నబడి, ఒక్కోసారి తెగి నీళ్ళు తిన్నగా దూకేస్తాయి, పాత వంపు పక్కన గుంటలా మిగిలిపోతుంది. ఒక్కోసారి తెగదు, పళ్ళెమంతా బురదవుతుంది, ఇంట్లో ఆడవాళ్ళ చేత తిట్లు పడతాయి. మూడోసారికి మాకు వచ్చింది. పళ్ళెం కింది చివర నీళ్ళు నిలిచిన చోట ఇసుక విసనకర్రలా పరుచుకుంటుంది చూడండి, డెల్టా బొమ్మ అదే, విడిగా చేయక్కర్లేదు.

కొండ పాఠానికి దగ్గరలో ఉన్న ఏదో ఒక గెడ్డ చాలు. గెడ్డ వెంట కాస్త పైకి నడిస్తే రెండు వైపులా కొండ వాలు ఇంగ్లీషు వి అక్షరంలా కలుస్తుంది. అక్కడ నీళ్ళు తక్కువే గానీ వాలు ఎక్కువ, అందుకే పక్కలకి కన్నా కిందికే ఎక్కువ కోస్తాయి. పది రాళ్ళు ఏరించండి. మళ్ళీ గుణుపురం ఏట్లో పది ఏరించండి. పైన కోసుగా, కింద నున్నగా గుడ్డుల్లా ఉంటాయి, దారంతా ఒకదానికొకటి రాసుకున్నాయి మరి. కొండ నెత్తి బల్లపరుపుగా ఉంటే అది కూడా చూపించండి, నియమగిరి లాంటి చోట్ల ఆ నెత్తిన బాక్సైట్ పొర గట్టి టోపీలా ఉంటుంది. పోడు కొట్టిన వాలునీ చెట్లున్న వాలునీ వాన తర్వాత దూరం నుంచి చూపిస్తే, గెడ్డ నీళ్ళు ఎందుకు ఎర్రబడతాయో తెలుస్తుంది. అలాగని పోడు చేసేవాళ్ళనే తిట్టకండి పిల్లల ముందు, రోడ్డు కోసినా, గని తవ్వినా, కలప కొట్టినా అదే ఎర్ర నీళ్ళు.

వరద మైదానం గురించి మా వాడికి నేనేమీ చెప్పలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక గజపతి, రాయగడ జిల్లాల్లో ఏళ్ళు ఎలా పొంగాయో వాళ్ళ అమ్మమ్మని అడిగి రాసుకు రమ్మన్నాను. నీళ్ళు ఏ గుడి మెట్టు దాకా వచ్చాయి, తీశాక పొలంలో ఏం మిగిలింది అని. కొందరికి ఒండ్రు, కొందరికి ఇసుక. ఒండ్రు పడ్డవాడికి పంట, ఇసుక పడ్డవాడికి అప్పు. మీ ఇంట్లో ముసలివాళ్ళుంటే ఈ పని వాళ్ళకే అప్పగించండి, 1980 వరద కూడా గుర్తున్నవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఇక సముద్రం. మనకున్న అదృష్టం గుణుపురం–నౌపడ రైలు. ఇది ఒకప్పటి పర్లాకిమిడి రాజుగారి చిన్న రైలు దారి, నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైంది, తర్వాత గుణుపురం దాకా పొడిగించారు, ఇప్పుడు బ్రాడ్‌గేజి. కిటికీ సీటు పిల్లలకివ్వండి, చేతిలో నోట్‌బుక్ పెట్టండి. కాశీనగర్ దాకా ఏరు దగ్గర్లోనే ఉంటుంది, ఆ తర్వాత రైలు పర్లాకిమిడి వైపు తిరిగి ఏటిని వదిలేస్తుంది. పాతపట్నం, టెంబురు, టెక్కలి దాటేసరికి కొండలు వెనక్కి తగ్గి, నేల చదునై, తాటిచెట్లు పెరిగి, నౌపడ వచ్చేసరికి తంపరలు, ఉప్పు మడులు. కొండ, మైదానం, తీరం అని పుస్తకంలో మూడు అధ్యాయాలుగా ఉన్నది ఒక్క టికెట్ మీద అయిపోతుంది. ఉప్పు మడుల దగ్గర కాసేపు ఆగండి. పోటుకి ఉప్పుటేరులోంచి నీళ్ళు లోపలికొస్తాయి, వాటిని మళ్ళలోకి తోడి ఎండబెడతారు, ఎండలు ముదిరాక వెళ్తే తెల్లటి కుప్పలు కనిపిస్తాయి. పక్కనే తేలినీలాపురంలో చలికాలం పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు దిగుతాయి, బురద నేలలో వాటికి తిండి ఉంటుంది కాబట్టి.

అక్కడి నుంచి భావనపాడు బీచికి వెళ్ళి మూడు పనులు చేయించండి. మొదటిది, వెళ్ళగానే నీళ్ళు తాకే చివరి చోట ఒక కర్ర పాతండి, గంటకొకటి పాతుతూ ఉండండి. ఆటుపోట్లు కర్రల వరసలో కనిపిస్తాయి. రోజుకి రెండు పోట్లు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య పన్నెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు, అందుకే పోటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, జాలర్లకి ఈ లెక్క గడియారం లేకుండానే తెలుసు, అడగండి.

రెండోది, కొబ్బరి డిప్పలాంటిది అల అంచున వేసి చూడండి. అల ఏటవాలుగా వచ్చి డిప్పని పైకి తోస్తుంది, వెనక్కి వెళ్ళేటప్పుడు నీళ్ళు వాలుని బట్టి తిన్నగా దిగుతాయి. అలా జిగ్‌జాగ్‌గా డిప్ప తీరం వెంబడి జరుగుతుంది. ఇసుక కూడా అంతే. మన తీరంలో ఏడాది మొత్తం లెక్క వేస్తే ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికే వెళ్తుంది, నైరుతి రుతుపవనాల అలల బలం అలాంటిది. మీరు వెళ్ళింది చలికాలం కాబట్టి డిప్ప అటు కాకుండా ఇటు వెళ్ళినా కంగారు పడకండి, ఆ నెలల్లో గాలి తిరగబడుతుంది. గోపాలపూర్ రేవు కోసం సముద్రంలోకి రాళ్ళ గోడలు కట్టాక దక్షిణం వైపు ఇసుక పేరుకుని, ఉత్తరం వైపు తీరం కోసుకుపోయింది కూడా ఇందుకే. చిలికా మొగ కూడా ఇలాగే ఏళ్ళ తరబడి ఉత్తరానికి జరిగి పూడుకుపోతే, చివరికి 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వాల్సి వచ్చింది.

వంశధారకి గోదావరి లాంటి పెద్ద డెల్టా ఎందుకు లేదు అని తెలివైన పిల్లలు ఇక్కడే అడుగుతారు. గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రవహించి సుమారు 3,12,800 చదరపు కిలోమీటర్ల నేల మీది నీళ్ళు, మట్టి మోసుకొస్తుంది. వంశధారకి నీళ్ళిచ్చే అలాంటి నేల, అంటే పరీవాహకం, దాదాపు 10,830 చదరపు కిలోమీటర్లే, అంటే అందులో ఇరవై తొమ్మిదో వంతు. తెచ్చిన కొంచెం ఇసుకనీ అలలు పక్కకి లాక్కుపోయి మొగ దగ్గర దిబ్బలు కడతాయి. కళింగపట్నం వెళ్ళగలిగితే ఆ దిబ్బ చూపించండి, కానీ మొగలో స్నానాలొద్దు, ఏటి నీళ్ళూ పోటూ కలిసే చోట లాగుడు ఎక్కువ.

మూడో పనికి గుణుపురం నుంచి తెచ్చిన ఇసుక సీసా కావాలి. బీచిలో పోటు గీత దగ్గర ఇసుక మీద చారలు ఉంటాయి, ఎర్రగా, నల్లగా, ఎవరో రంగు పోసినట్టు. సీసాలో ఇసుకని పక్కన పరిచి పోల్చమనండి. మా వాడు చాలాసేపు చూసి అన్నాడు, "మావయ్యా, మన ఏట్లో ఎర్ర గింజలు పదికి ఒకటి కూడా లేవు, ఇక్కడ మొత్తం ఎర్రగానే ఉందేంటి? సముద్రంలో కూడా కొండ ఉందా?" లేదురా అన్నాను. అమ్మమ్మ చేటలో బియ్యం చెరిగితే ఏం జరుగుతుందో చెప్పు అన్నాను. "తేలిక ఊక ఎగిరిపోద్ది, బియ్యం మిగులుద్ది." క్వార్ట్జ్ బరువు నీటికి రెండున్నర రెట్ల పైచిలుకు, గార్నెట్ నాలుగు రెట్లు, నల్లటి ఇల్మనైట్ ఇంకా ఎక్కువ. అల వచ్చి వెళ్ళిన ప్రతిసారీ తేలిక గింజలు వెనక్కి పోతాయి, బరువువి అక్కడే ఉండిపోతాయి. వాడు మోకాళ్ళ మీద కూర్చుని తర్వాతి అల వచ్చేదాకా ఆ చార మీదే కళ్ళు పెట్టుకుని చూశాడు, అల వచ్చి వెళ్ళింది, "చెరుగుతోంది" అన్నాడు.